గాలిలో నిలిచే లకుముకి, చేత్తో తిప్పే ఫోకస్: కొండకర్ల ఆవలో ఒక కేస్ స్టడీ

విశాఖపట్నంలోని ఒక కళాశాలలో జంతుశాస్త్రం బోధించే లెక్చరర్ ఒకరు తమ విద్యార్థులకు చూపించడానికి నలుపు తెలుపు లకుముకి పిట్ట ఫొటోలు కావాలని నన్ను అడిగారు. ఆవిడ కోరినవి మూడు రకాలు. నీటి మీద గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచిన భంగిమలో ఆడ, మగ తేడా తెలిసే చిత్రాలు మొదటివి. నీటిలోకి దూకే క్షణం రెండోది. ముక్కున చేపతో ఉన్న పిట్ట మూడోది. మగ పిట్ట రొమ్ము మీద నల్లని పట్టీలు రెండు ఉంటాయి, ఆడ పిట్టకు ఒకటే ఉంటుంది, అది కూడా మధ్యలో తెగి ఉంటుంది. అందువల్ల ఫొటో చూడముచ్చటగా ఉంటే చాలదు. రొమ్ము భాగం కెమెరా వైపు తిరిగి, దాని మీద ఎండ పడి, పట్టీల అంచులు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉండాలి. ఈ పనిని ఆటోఫోకస్ లేని పాత 400 మి.మీ. లెన్స్‌తో చేశాను. దాని వెనకున్న లెక్కలను, గాలి వెలుతురుల విషయాన్ని, చివరికి తేలిన ఫలితాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

మాన్యువల్ ఫోకస్ టెలిఫొటోతో, అంటే చేత్తో ఫోకస్ చేసే పొడవాటి లెన్స్‌తో, పక్షులను తీయాలంటే వేళ్ళకు మంచి వేగం ఉండాలని చాలామంది అనుకుంటారు. వేగం కొంత ఉపయోగపడే మాట నిజమే గాని, దాని హద్దు ఎక్కడుందో ఒక లెక్క వేస్తే తెలిసిపోతుంది. ఏపీఎస్-సీ సెన్సర్ (బొమ్మను నమోదు చేసే పలక, పాత ఫిల్మ్ ఫ్రేము కన్నా చిన్నది) మీద 400 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/5.6 దగ్గర (ఇది లెన్స్ రంధ్రం, అంటే ఎపర్చర్ కొలత; అంకె పెరిగితే రంధ్రం చిన్నదై స్పష్టత లోతు పెరుగుతుంది) ఉంచి, 30 మీటర్ల దూరంలోని పక్షి మీద ఫోకస్ చేస్తే, స్పష్టంగా కనిపించే లోతు మొత్తం 1.26 మీటర్లు. ఆ పక్షి సెకనుకు 10 మీటర్ల వేగంతో మన మీదికే వస్తున్నదనుకుంటే, ఆ లోతును సెకనులో ఎనిమిదో వంతులో దాటేస్తుంది. కంటికి కనిపించింది వేలికి చేరడానికి మనిషికి సుమారు సెకనులో అయిదో వంతు పడుతుంది. అంటే పక్షి వెంట లెన్స్ ఫోకస్ రింగును పరుగెత్తించేవాడు ఎప్పుడూ పక్షి ఒక క్షణం ముందు ఉన్న చోటునే ఫోకస్ చేస్తుంటాడు. అందుకే ఇటువంటి లెన్స్‌తో పనిచేసేటప్పుడు జాతిని చూసి కాక ప్రవర్తనను చూసి నేను ప్రాణిని ఎంచుకుంటాను: దూరాన్ని ముందుగా నేను నిర్ణయించుకోవాలి, ప్రాణి తన అలవాటు కొద్దీ ఆ దూరానికి రావాలి, వచ్చాక ఒక క్షణమైనా అక్కడ ఆగాలి. గాలిలో నిలిచి నీళ్ళలోకి చూసే లకుముకి ఈ మూడు షరతులకూ లోబడుతుంది. రెక్కలు ఎంత వేగంగా ఆడుతున్నా దాని తల మాత్రం కదలదు.

నగరాన్ని ఆనుకొనే 2002లో ప్రకటించిన కంబాలకొండ అభయారణ్యం ఉంది గదా, 70 చదరపు కిలోమీటర్లకు పైగా అడవి ఉంది గదా, అక్కడెందుకు తీయకూడదని కొందరు మిత్రులు అడుగుతుంటారు. ఈ పనికి అది తగదు. పొదలు దట్టంగా ఉన్నచోట వెలుతురు తక్కువ, అడ్డుకొమ్మలు ఎక్కువ, ప్రాణి ఎంత దూరంలో కనిపిస్తుందో ముందుగా ఊహించలేం. నగరంలోని నీటి వనరుల దగ్గర లకుముకిలు లేకపోలేదు గాని, విశాఖలో పొడవాటి లెన్స్ పట్టుకొని ఎక్కడపడితే అక్కడ నిలబడడం మంచిది కాదు. తూర్పు నౌకాదళానికి ముఖ్య కేంద్రమైన ఊరిది. ఫొటోలు నిషేధించిన ప్రాంతం ఎక్కడ మొదలవుతుందో ముందుగా తెలుసుకొని, అటు పోకుండా ఉండడమే మేలు. అందువల్ల నగరం నుంచి నైరుతిగా, అనకాపల్లి దాపులో ఉన్న కొండకర్ల ఆవ అనే సరస్సును ఎంచుకున్నాను. లోతు తక్కువ, తామరలు, తుంగ ఎక్కువ, నీటి మధ్య నాటిన వెదురు గెడలు అక్కడక్కడా ఉంటాయి.

లెన్స్, కెమెరా

వాడినది నికాన్ 400 మి.మీ. ఎఫ్/5.6 ఈడీ, ఏఐ-ఎస్ అనే పాత మాన్యువల్ ఫోకస్ రకం. బరువు సుమారు 1200 గ్రాములు. ఫోకస్ చేసేటప్పుడు లోపలి గాజు గుంపు ఒక్కటే కదులుతుంది కనుక లెన్స్ పొడవు మారదు, రింగు ఒక్క వేలితో తిరుగుతుంది. ఇది అనంతం గుర్తు దగ్గర ఆగదు, ఇంకొంచెం ముందుకు పోతుంది. ఈడీ గాజు (అంచుల్లో రంగులు చెదరకుండా చేసే ప్రత్యేక గాజు) ఎండ వేడికి స్పందిస్తుంది కాబట్టి తయారీదారులు ఆ వెసులుబాటును కావాలనే ఉంచారు. దీని పర్యవసానం ఒకటుంది: రింగును చివరిదాకా తిప్పి దూరపు వస్తువు ఫోకస్‌లో ఉందనుకోవడానికి వీల్లేదు.

ఇటువంటి లెన్స్‌లు ఈనాడు మళ్ళీ పనికిరావడానికి కారణం లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు. ఫిల్మ్ కాలపు కెమెరాల్లో మధ్యన ఉండి, బొమ్మను రెండు ముక్కలుగా చూపి ఫోకస్ కుదిరితే కలిపే స్ప్లిట్ ఇమేజ్ వలయం ఎఫ్/5.6 లెన్స్ పెట్టగానే సగం నల్లబడేది. ఇప్పుడు వ్యూఫైండర్‌లో బొమ్మను పెద్దది చేసి చూడవచ్చు. దీనికితోడు లెన్స్ బిగించే మౌంటుకూ సెన్సర్‌కూ మధ్య దూరం బాగా తగ్గింది. కెనాన్ 1987లో ఎఫ్‌డీ మౌంటును వదిలి ఈఎఫ్‌కు మారినప్పుడు ఎఫ్‌డీ టెలిఫొటోలు దిక్కులేనివయ్యాయి. ఎఫ్‌డీకి ఆ దూరం 42 మి.మీ., ఈఎఫ్‌కు 44 మి.మీ. కావడంతో మధ్యలో మరో గాజు లేకుండా దూరపు వస్తువులు ఫోకస్ అయ్యేవి కావు. 2008 నుంచి వచ్చిన మిర్రర్‌లెస్ మౌంట్లలో ఆ దూరం 20 మి.మీ. అటూ ఇటూగా ఉండడం వల్ల, గాజు లేని ఖాళీ గొట్టం వంటి అడాప్టర్‌తో ఎఫ్‌డీ అయినా, 46.5 మి.మీ. ఉన్న నికాన్ ఎఫ్ అయినా సరిపోతుంది. కొత్తగా కొనేవారికి ఒక మాట చెప్పాలి. నికాన్, కెనాన్ రింగులు ఒకదానికొకటి వ్యతిరేక దిశల్లో తిరుగుతాయి. రెండింటినీ మార్చి మార్చి వాడితే వేలికి అలవాటు కుదరదు. ఏదో ఒక వైపే ఉండిపోవడం మంచిది.

కెమెరాలో చేసిన అమరికల్లో ముఖ్యమైనది ఒకటే. సెన్సర్ కదిలి వణుకును అణచే సౌకర్యానికి లెన్స్ ఎంత పొడవైనదో పాత లెన్స్ చెప్పలేదు, మనమే అంకె వేయాలి. అక్కడ 400 అనే వేయాలి. చిన్నదైన ఏపీఎస్-సీ మీద దృశ్యం 600 మి.మీ. లెన్స్‌తో తీసినంత ఇరుకుగా వస్తుంది గదా అని 600 వేస్తే కెమెరా అవసరానికి మించి సర్దుబాటు చేసి బొమ్మను చెడగొడుతుంది. శబ్దం రాని ఎలక్ట్రానిక్ షట్టర్ పక్షికి ఇబ్బంది కలిగించదు గాని, చాలా కెమెరాల్లో సెన్సర్‌ను పై నుంచి కిందికి వరుసగా చదువుతుంది కనుక, ఆడుతున్న రెక్కలు వంకర పోతాయి. అందుకని మెకానికల్ షట్టరే వాడాను.

15 మీటర్లు ఎందుకు

ఈ పిట్ట పొడవు సుమారు 25 సెం.మీ. దాన్ని 15 మీటర్ల దూరం నుంచి 400 మి.మీ. లెన్స్‌తో తీస్తే సెన్సర్ మీద బొమ్మ 6.7 మి.మీ. వస్తుంది, 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ కెమెరాలో అది దాదాపు 1700 పిక్సెళ్ళు. 30 మీటర్ల నుంచి తీస్తే అందులో సగమే వస్తుంది. పట్టీ తెగి ఉన్నదీ లేనిదీ తెలియడానికి అదైనా చాలునేమో గాని, తరగతి గోడ మీద ప్రొజెక్టర్‌తో చూపించడానికి చాలదు. మరీ దగ్గరికి, 10 మీటర్లకు వెళ్తే ఎఫ్/5.6 దగ్గర స్పష్టత లోతు 14 సెం.మీ.కు పడిపోతుంది, అంటే కన్ను బాగుంటే తోక చెదురుతుంది. పిట్ట కూడా అంత దగ్గరికి ఊరికే రానివ్వదు. 15 మీటర్ల దగ్గర ఆ లోతు ఎఫ్/5.6తో 31 సెం.మీ., ఎఫ్/8తో 45 సెం.మీ. పిట్ట మొత్తం అందులో ఇముడుతుంది. ఈ అంకెలు మామూలు సైజు ప్రింటుకు వేసే లెక్క ప్రకారం వచ్చినవి. తెర మీద ఒక్కో పిక్సెల్ చూసేవారు వాటిని సగానికి తగ్గించుకోవాలి.

ఈ దూరాన్ని వేళ్ళకు నేర్పడానికి విశాఖ బీచ్ రోడ్డే చాలింది. ఫుట్‌పాత్ మీద టేపుతో కొలిచి 12, 15, 20 మీటర్ల దగ్గర గుర్తులు పెట్టుకొని, రింగు మీద అంటించిన తెల్లని టేపు ముక్క మీద సన్నని గీతలు గీశాను. తెల్లవారుజామున ఎదురుగా వచ్చే సైకిళ్ళ హ్యాండిల్ మీద సాధన చేశాను. రింగును ఏ వైపు తిప్పితే దగ్గరికి వస్తుందో ఆలోచించకుండా తెలియడం ఒక్కటే ఆ సాధన ప్రయోజనం. అంతకు మించి సైకిలుకూ పక్షికీ పోలిక లేదు.

గాలి వైపు ముఖం, ఎండ వైపు రొమ్ము

ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించిన భాగం ఇదే. గాలిలో నిలిచే పక్షి ఎప్పుడూ గాలికి ఎదురుగా ముఖం పెట్టి నిలుస్తుంది. ఫొటోగ్రాఫరు సూర్యుణ్ణి వెనక పెట్టుకొని నిలబడాలనుకుంటాడు. ఈ రెండూ కలిస్తేనే రొమ్ము మీద ఎండ ఉన్న చిత్రం వస్తుంది. మన తీరంలో శీతాకాలపు ఉదయాల్లో గాలి నేల వైపు నుంచి, అంటే వాయవ్యం నుంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. సూర్యుడు ఆగ్నేయాన ఉంటాడు. అప్పుడు పిట్ట వాయవ్యానికి ముఖం పెడుతుంది కనుక, ఎండ దాని వీపు మీద పడుతుంది. సూర్యుడి వైపు నుంచి తీస్తే తోక కనిపిస్తుంది. ఎదురువైపు నుంచి తీస్తే రొమ్ము నీడలో ఉంటుంది. ఫొటోలకు ఉదయపు తొలి గంటలే శ్రేష్ఠమన్న మాట మిగతా సందర్భాల్లో ఎంత నిజమైనా, ఈ చిత్రానికి మాత్రం వర్తించదు.

పొద్దెక్కి నేల వేడెక్కాక గాలి తిరగబడి సముద్రం మీది నుంచి రావడం మొదలవుతుంది. తామరాకుల అంచులు ఒక వైపుకు లేస్తుంటే ఆ మార్పు కంటికి తెలుస్తుంది. పిట్ట ఇప్పుడు ఆగ్నేయానికి తిరుగుతుంది, సూర్యుడు ఇంకా అటే ఉంటాడు, రొమ్ము పట్టీలు వెలుగుతాయి. అయితే ఆ వేళకు ఎండ వేడికి గాలి పొరలు కదలాడి దూరపు బొమ్మలు కరిగినట్టు కనిపిస్తాయి. గట్టు మీది నుంచి 40 మీటర్ల దూరంలోని పిట్టను తీస్తే ఎంత మంచి లెన్స్ అయినా దానికి చేయగలిగింది లేదు. 15 మీటర్ల లోపల, అదీ నీటి మీది నుంచి తీస్తే, ఆ దోషం కనిపించనంత తక్కువ. ఇందాక వేసిన దూరపు లెక్క ఈ కారణం చేత కూడా నిలబడింది. రెండు గాలుల మధ్య కాసేపు అంతా స్తంభించినట్టుంటుంది. ఆ సమయంలో పిట్ట శరీరాన్ని నిలువుగా పెట్టి రెక్కలాడిస్తుంది కనుక రొమ్ము మరింత బాగా కనిపిస్తుంది. గాలి పెరిగే కొద్దీ అది అడ్డంగా వాలుతుంది.

దోనె మీద

ఆవలో తిరగడానికి తాటి మొద్దులను తొలిచి, రెంటిని పక్కపక్కన కట్టి చేసిన దోనెలుంటాయి. ట్రైపాడ్‌కు అందులో చోటు లేదు. కూర్చొని, మోచేతులు మోకాళ్ళకు ఆన్చి, లెన్స్ కాలర్ పాదాన్ని (ట్రైపాడ్‌కు బిగించే భాగాన్ని) ఎడమ అరచేతిలో పెట్టుకొని, అదే చేతి చూపుడు వేలితో రింగును తిప్పాను. పిట్ట ఒకచోట నిలిచి, దూకకుండా మరో చోటికి జరిగినప్పుడు దాని వెనకే దోనెను పోనిమ్మని చెప్పబోతే దోనె నడిపే ఆయన ఒప్పుకోలేదు. ‘తరమకండి బాబూ, ఈ తుంగకాడ ఆగిపోదుం, అదే వత్తాది’ అన్నారు. లెన్స్ గురించి నేను వేసుకున్న లెక్క కూడా అదే చెబుతున్నది కనుక వాదించలేదు. అయితే సముద్రపు గాలి నా వీపు వైపు నుంచి వీస్తున్నందువల్ల దోనె మెల్లగా పిట్ట వైపే కొట్టుకుపోతుంది, దాంతో పెట్టుకున్న దూరం చెడుతుంది. ఆయన గెడను బురదలోకి దింపి గట్టిగా పట్టుకుంటేనే 15 మీటర్లు 15గా ఉంటాయి.

ఫోకస్ చేసిన పద్ధతి ఇది. ఎదురుగా 15 మీటర్ల దూరంలో ఉన్న వెదురు గెడ మీద ఎఫ్/5.6 దగ్గర బొమ్మను పెద్దది చేసి ఫోకస్ కుదుర్చుకొని, రింగు మీది గీతతో సరిచూసుకున్నాను. తరువాత ఎపర్చర్ రింగును ఒక్క క్లిక్ తిప్పి ఎఫ్/8కు తెచ్చాను. అడాప్టర్ మీద ఉన్న పాత లెన్స్ వ్యూఫైండర్‌లో కూడా ఎఫ్/8 గానే కనిపిస్తుంది కనుక, ఫోకస్ పొరపాటును అప్పుడు గుర్తించడం కష్టం. అందుకే ముందు ఎఫ్/5.6, తరువాత ఎఫ్/8. నిండు ఎండలో ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుకు స్పందించే స్థాయి) 640, షట్టర్ సెకనులో 1/2500 వంతు మాన్యువల్‌గా పెట్టి ఇక ముట్టుకోలేదు. నల్లని నీరు, తెల్లని రొమ్ము మధ్య కెమెరా మీటర్ ఊగిసలాడుతుంది, తెలుపులో వివరాలు లేకుండా పోతాయి.

ఫోకస్ కుదిరిన అంచులను వ్యూఫైండర్‌లో రంగుతో చూపే ఫోకస్ పీకింగ్‌ను ఈ పిట్ట మీద నమ్మడానికి లేదు. నలుపు తెలుపుల సరిహద్దు ఎక్కడుంటే అక్కడ పీకింగ్ రంగు మెరుస్తుంది, ఈ పిట్ట ఒంటి నిండా సరిహద్దులే. ఫోకస్ అరమీటరు తప్పినా రంగు మెరుస్తూనే ఉంటుంది. కాబట్టి పీకింగ్‌ను ‘దగ్గరికొచ్చాం’ అనడానికి మాత్రమే వాడి, అసలు పనిని రింగును తిప్పుతూ వరుస ఫ్రేములు తీయడానికి అప్పగించాను. పిట్ట నిలవగానే రింగును పిట్ట కన్నా కొంచెం అవతలి దూరానికి తెచ్చి, షట్టర్ నొక్కి పట్టి, ఒక సెకను కాలంలో ఒక మీటరు మేర దగ్గరికి జరిగేలా నెమ్మదిగా తిప్పాను. సెకనుకు 10 ఫ్రేములైతే ఫ్రేముకు 10 సెం.మీ. చొప్పున జరుగుతుంది, 45 సెం.మీ. లోతులో నాలుగు ఫ్రేములు పడతాయి, వాటిలో ఒకటైనా కన్ను మీద కుదురుతుంది. ఎప్పుడూ దూరం నుంచి దగ్గరికే తిప్పాలి. పాత లెన్స్‌ల రింగులో కొంత వదులు ఉంటుంది, దిశ మార్చినప్పుడల్లా ఆ వదులు మేరకు గీత తప్పు చెబుతుంది. పిట్ట నిలకడగా ఉన్నందువల్లనే ఈ పద్ధతి చెల్లుతుంది; ఎగిరే పక్షి మీద దీన్ని ప్రయత్నించడం కార్డు నింపుకోవడమే.

దూకే క్షణానికి మరో లెక్క అవసరమైంది. పిట్ట నిటారుగా కిందికి పడుతుంది కనుక దూరం మారదని పైకి అనిపిస్తుంది. నీటి మట్టానికి దగ్గరగా కూర్చున్న మనిషికి 15 మీటర్ల అవతల, 5 మీటర్ల ఎత్తున నిలిచిన పిట్ట నిజానికి 15.8 మీటర్ల దూరంలో ఉంటుంది. నీటిని తాకేసరికి అది 15 మీటర్లకు వస్తుంది. ఆ 80 సెం.మీ. తేడా ఎఫ్/8 దగ్గరున్న లోతుకు దాదాపు రెట్టింపు. అందుకని నిలిచిన చిత్రం దొరికాక పిట్టను వదిలేసి, దాని సరిగ్గా కిందనున్న తామరాకు మీద ఫోకస్ పెట్టి, ఫ్రేమును నీటి మీద నిలిపి, తల తిప్పకుండా పిట్ట పడడం కోసం చూశాను. కన్ను పిట్ట మీద లేకపోవడం మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది. నీటి తుంపరలు లేచిన మొదటి ఫ్రేములో పిట్ట తోక మాత్రమే మిగిలి ఉంటుంది. దానికి ముందు ఫ్రేమే కావలసినది.

ఫలితం, పరిమితులు

తీసిన వాటిలో ఎక్కువ భాగం తొలగించాల్సినవే. ఈ పద్ధతి స్వభావమే అది. రెండు పట్టీలు పూర్తిగా కనిపించే మగ పిట్ట, పట్టీ తెగిన చోటు తెలిసే ఆడ పిట్ట, రెండూ ఎండలో, దాదాపు ఒకే కోణంలో దొరికాయి. దూకే చిత్రంలో ముక్కు నీటిని తాకే దశ దొరికింది గాని రెక్కల కొసలు కొంచెం చెదిరాయి; పాఠానికి అది అడ్డు కాదని లెక్చరర్ అన్నారు. ఆధునిక ఆటోఫోకస్ లెన్స్ అయితే దూకే చిత్రాలు ఇంతకన్నా ఎక్కువే ఇచ్చేదని నేను ఒప్పుకుంటాను. నిలిచిన చిత్రాల విషయంలో మాత్రం, గాలి దిక్కునూ దూరాన్నీ చూసుకోకుండా ఏ లెన్స్ తెచ్చినా ఆ పట్టీలు ఎండలోకి రావు.

ఫైళ్ళు ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకున్నాను. చిప్ లేని లెన్స్ కనుక ఎపర్చర్ వివరం ఫైలులో చేరదు. తీసిన సమయం, గాలి దిక్కు, ఎపర్చర్, పిట్ట ఆడదో మగదో ప్రతి చిత్రానికీ విడిగా రాసి ఇచ్చాను.

లెన్స్ సంరక్షణ గురించి కూడా విశాఖవాసులకు చెప్పవలసింది ఉంది. తీరపు తేమలో పాత లెన్స్‌ల లోపల బూజు తేలిగ్గా పడుతుంది. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు వెనక నుంచి టార్చి వేసి సాలెగూడు వంటి గీతలున్నాయేమో చూడాలి, ఎపర్చర్ రేకుల మీద నూనె మరకలున్నాయేమో చూడాలి. ఏసీ కారులోంచి దించిన లెన్స్‌ను వెంటనే సంచిలోంచి తీస్తే గాజు మీద ఆవిరి పడుతుంది. సంచిని మూసే ఉంచి అరగంట నీడలో పెట్టడం ఒక్కటే ఉపాయం. తుడిస్తే మళ్ళీ పడుతుంది.

చేపతో ఉన్న మూడో చిత్రం దోనె మీది నుంచి కాక గట్టు మీది నుంచి తీశాను. పట్టిన చేపను గెడకు కొట్టి మింగడానికి పిట్ట తరచూ వాలే వెదురు గెడ ఒకటుంది. దాని మీద ఫోకస్ పెట్టి ట్రైపాడ్ బిగిస్తే చేత్తో చేయడానికి మిగిలేది చాలా తక్కువ. పిల్లలకు మేత మోసుకుపోయే కాలంలో చేప తల బయటికి ఉండేలా పట్టుకుంటుంది కనుక ఆ చిత్రం కూడా ఉంటే బాగుంటుందని లెక్చరర్ అడిగారు. అది నమ్మకంగా దొరికే చోటు గట్టులో పిట్ట తొలిచిన గూటి బొరియ ముందర. 15 మీటర్ల దూరంలో మనిషి కూర్చుంటే పిట్ట బొరియలోకి పోకుండా చేపతో గంటల తరబడి తచ్చాడుతుంది. అందువల్ల ఆ పని చేయనని చెప్పాను, ఆవిడ కూడా సరేనన్నారు.